పేర్ల పంచాయితీ

● మా అబ్బాయి, కోడలు మ్యూనిక్‌లో ఉంటారు. పుట్టబోయేది పాపట, అక్కడ ముందే చెప్పేస్తారు కదా. 'కియారా' అని పెడతామంటున్నారు. ఫోన్‌లో వెతికితే ఒకచోట 'వెలుగు' అనీ, ఇంకోచోట 'నల్లని పిల్ల' అనీ ఉంది. ఏది నిజం? నాకైతే కిరణ్మయి అని పెట్టాలని ఉంది.
– ఒక నాయనమ్మ, విజయనగరం

రెండూ నిజమే నాయనమ్మగారూ. కాకపోతే అవి రెండు వేర్వేరు పేర్లు. ఇటలీవాళ్లు సీ పక్కన హెచ్ పెట్టి రాసి కియారా అని పలుకుతారు. వెలుగు, తేట అని దానర్థం. మనం సెయింట్ క్లేర్ అనే అసీసీ పుణ్యస్త్రీని వాళ్లు కియారా అనే పిలుస్తారు. ఐర్లండ్‌వాళ్లు హెచ్ లేకుండా రాసి 'కీరా' అంటారు. ఆ పేరు పుట్టింది నలుపు అనే మాట నుంచి. మనవాళ్లు సినిమా నటి కియారా అద్వానీలా కే పెట్టి రాస్తారు. ఫోన్‌లో జాబితాలు తయారుచేసేవాళ్లు ఆ రెంటినీ ఒకే ఇంటి పిల్లల్ని చేసేశారు. నలుపని జంకకండి. కృష్ణ అన్నా, శ్యామల అన్నా మనం పిలుస్తున్నది ఆ రంగునే.

అయినా మీ బెంగ అంతా కిరణ్మయి గురించేనని నాకు అనుమానం! ఒక సంగతి చెబుతాను. జర్మనీలో బిడ్డ పేరును నమోదు ఆఫీసు ఒప్పుకోవాలి. పేరు వినగానే ఆడో మగో తెలిసిపోవాలని వాళ్లు పట్టుబట్టే రోజుల్లో ఒక జంట తమ పాపకు 'కిరణ్' అని పెట్టుకుంది. ఆఫీసు కాదంది. వాళ్లు ఊరుకోలేదు, ఆ దేశపు రాజ్యాంగ న్యాయస్థానం దాకా వెళ్లారు. పేరువల్ల బిడ్డకు చెరుపు లేనప్పుడు, ఆడామగా తేలలేదన్న ఒక్క సాకుతో దాన్ని కాదనకూడదని 2008 డిసెంబరులో తీర్పొచ్చింది. అంటే కిరణ్ ఆ దేశంలో కోర్టుకెక్కి గెలిచిన పేరు. కోడలి చెవిన వేసి చూడండి. వెలుగూ ఉంటుంది, మీ మాటా సగం నిలుస్తుంది. వద్దంటే మాత్రం మారాం చేయకండి. రేపు బళ్లో పిలవాల్సింది జర్మన్ టీచర్లు. కిరణ్మయి దగ్గర వాళ్ల నాలుక ఎలా మెలిక పడుతుందో ఊహించుకోండి.

● మావారి ఉద్యోగరీత్యా ఘనాలోని అక్రాలో ఉండగా బాబు పుట్టాడు. శుక్రవారం పుట్టాడని ఆస్పత్రి ఆయాలు 'కోఫీ' అన్నారు, ఇంట్లో అదే ఖాయమైపోయింది. ఇక్కడికొచ్చాక చుట్టాలు 'కాఫీ, కాఫీ' అని ఏడిపిస్తున్నారు. మానిపించమంటారా?
– ఒక తల్లి, కాకినాడ

ఎందుకమ్మా మానిపించడం? ఐక్యరాజ్య సమితిని పదేళ్లు నడిపిన కోఫీ అన్నన్ కూడా శుక్రవారప్పిల్లవాడే, 1938 ఏప్రిల్ 8న పుట్టాడు. కవల చెల్లెలు ఎఫువా, అదీ శుక్రవారం పేరే. అన్నన్ అంటే నాలుగో సంతానమని. ఘనాలోని అకాన్ జాతివాళ్లకు పుట్టిన వారమే తొలి పేరు. సోమవారం పుడితే కోజో, శనివారమైతే క్వామే. ఆ దేశపు తొలి అధ్యక్షుడు క్వామే ఎన్‌క్రుమా పేరు చూస్తే శనివారమూ తెలుస్తుంది, తొమ్మిదో సంతానమనీ తెలుస్తుంది. మన సోమయ్యలూ మంగమ్మలూ ఈ పద్ధతికి దూరపు చుట్టాలే అనిపిస్తారు నాకు.

నన్ను ఇంతకంటే కదిలించేది వాళ్ల మరో అలవాటు. వరసగా బిడ్డలు పోతుంటే, తర్వాత పుట్టినవాడికి 'సుమినా' అని పెడతారు. అంటే చెత్తకుప్ప. ఇలాంటిదాన్ని మృత్యువు ఏం తీసుకుపోతుందిలే అని. నేను శ్రీకాకుళం జిల్లా బడుల్లో హాజరు పిలిచినన్నాళ్లూ పెంటయ్యలు, తవిటమ్మలు 'ఉన్నానండీ' అనేవాళ్లు. బిడ్డను పెంటమీద పెట్టి తీసుకున్న ఇల్లు ఒకటి, చేటెడు తవుడుకు అమ్మినట్టు అమ్మి వెనక్కి తెచ్చుకున్న ఇల్లు ఒకటి. ఆ పేర్లకు నవ్విన పిల్లలకు నా చేతిలో గోడకుర్చీ తప్పేది కాదు.

మీ చుట్టాలకూ అదే వేయండి. లేదా అన్నన్ కథ చెప్పండి.

● బాలి వెళ్లాం. డ్రైవరు వాయన్, గైడు వాయన్, హోటల్ అమ్మాయి కూడా వాయనే! పేర్ల కరువా?
– ఒక కుర్రాడు, వరంగల్

కరువేం లేదు నాయనా, అది వరస. మొదటి సంతానం వాయన్, రెండోది మాదే, మూడోది న్యోమన్, నాలుగోది కెతుత్. ఆడైనా మగైనా అంతే. అయిదో బిడ్డ పుడితే మళ్లీ వాయన్ దగ్గరికే వస్తారు. దాని వెనక సొంత పేరు వేరే ఉంటుంది, మీరు అడగలేదంతే. మీ వైపు పెద్దోడు, నడిపోడు, చిన్నోడు అని పిలవరా ఏంటి?

● మనవడిది హస్త నాలుగో పాదం. 'ఠ' తో పేరు పెట్టాలన్నారు పంతులుగారు. ఏం పెట్టమంటారు?
– ఒక తాతయ్య, తెనాలి

ఠాగూర్ తప్ప నాకూ ఏదీ తట్టలేదు, అదీ ఇంటిపేరు. హస్తకే మొదటి పాదం అక్షరం 'పూ'. పూర్ణచంద్రరావు కుదురుతుందేమో పంతులుగారినే అడగండి. లేదంటే జాతకానికి ఒక పేరు, పిలవడానికి ఒకటి. చాలా ఇళ్లలో జరిగేది ఇదే. తొందరేం లేదు. జననాన్ని 21 రోజుల్లో నమోదు చేయించండి చాలు. పేరు చోటు ఖాళీగా వదిలినా, ఏడాదిలోపు రుసుం లేకుండా చేర్పించుకోవచ్చు.