అమోంతియాదో షెర్రీ అనే స్పానిష్ వైన్‌కి వేయించిన బాదం రుచి ఎలా వస్తుంది?
బాదం, జీడిపప్పు లాంటివేవీ కలపరు, అదంతా పీపాలో ఏళ్ల తరబడి ఉండటం వల్ల వచ్చే రుచే. దక్షిణ స్పెయిన్‌లోని హెరెస్ ప్రాంతంలో పలోమినో ద్రాక్షతో చేసిన వైన్‌ని దాదాపు 600 లీటర్లు పట్టే ఓక్ పీపాల్లో కాస్త వెలితిగా పోస్తారు, దాంతో పాల మీద మీగడలా 'ఫ్లోర్' అనే ఈస్ట్ పొర కట్టి గాలి తగలనివ్వదు. కొన్నేళ్లకు ఆ పొర చచ్చిపోతుంది. అక్కణ్నుంచి మెల్లగా గాలి తగిలి రంగు తేనెలా ముదురుతుంది, ఆ కమ్మటి వాసన వస్తుంది.

అదే ప్రాంతంలోని సాన్‌లూకర్ ఊళ్లో 1792 నుంచి ఒకే కుటుంబం నడుపుతున్న వైన్ సంస్థ ఇదాల్గో వారి 'నపోలియన్' అనే అమోంతియాదో నాకు చాలా ఇష్టం. తీపి ఉంటుందనుకోకండి. మరీ చల్లగా తాగితే వాసనే తెలీదు, 12-14 డిగ్రీలు చాలు, ఉప్పు బాదం పక్కన పెట్టుకుని కొంచెం కొంచెంగా తాగండి.