పాత బండి మరమ్మతు ఆపద కాదు

ప్రశ్న: నా వయసు 36. అమ్మ నా మీదే ఆధారపడి ఉన్నారు. చేతికొచ్చే జీతంలో 70 శాతం ఇంటి ఖర్చులకు పోతుంది. అప్పులు లేవు, బ్యాంకులో ఒక నెల జీతమంత పొదుపు ఉంది. నా దగ్గరున్నది 22 ఏళ్ల నాటి 650 సీసీ సింగిల్ సిలిండర్ బండి. కొండ దిగేటప్పుడు థ్రాటిల్ (యాక్సిలరేటర్) మూసి మళ్లీ తెరిస్తే నీలం పొగ వస్తోంది. ఇంజిన్ పనికీ, అరిగిన భాగాలకూ కలిపి ఒక నెల జీతమంత అవుతుందని మెకానిక్ అంటున్నారు. నాలుగు నెలల తర్వాత సరిహద్దు దాటి మట్టిదారుల్లో ఆరు వారాల యాత్ర చేయాలనుకున్నాను. అందులో నాలుగు వారాలు జీతం లేని సెలవు. పాత బండిని నమ్మలేక, ఎనిమిది నెలల జీతమంత వ్యక్తిగత రుణం 14 శాతం వడ్డీకి అయిదేళ్ల గడువుతో తీసుకుని కొత్త అడ్వెంచర్ బైక్ కొందామనుకుంటున్నాను. యాత్రకు అయ్యే నెలన్నర జీతాన్ని క్రెడిట్ కార్డు మీద పెడతాను. దానికి నెలకు 3 శాతం వడ్డీ. బండిని సరిహద్దు దాటించే కార్నే పత్రానికి కట్టాల్సిన హామీకి నా పొదుపు సరిపోతుంది, అది ఎలాగూ తిరిగి వచ్చేదే. ఖర్చు తగ్గుతుందని వ్యక్తిగత ప్రమాద బీమాను ఈసారి పునరుద్ధరించడం లేదు. ఈ ప్రణాళిక సరైనదేనా?

జవాబు: సరైనది కాదు. మీరు రాసిన మొత్తాలను నెల జీతాల లెక్కలోకి మార్చి ప్రచురిస్తున్నాను, ఎందుకంటే ఎంత ఆదాయం ఉన్నవారైనా ఇదే పొరపాటు చేయడం నేను తరచుగా చూస్తున్నాను. బండి మారుతుంది, దారి మారుతుంది తప్ప లెక్క మారదు. ఇంత వివరంగా రాసిన ఉత్తరంలో బండి ఆగిపోతే ఎలా అన్న ఆలోచన ఉంది గాని, మీరే ఆగిపోతే ఎలా అన్న ఆలోచన ఒక్క వాక్యంలోనూ కనిపించలేదు.

22 ఏళ్ల బండికి మరమ్మతు రావడం ఆపద కాదు. ఏ రోజు వస్తుందో తెలియకపోయినా, వచ్చి తీరుతుందని తెలిసిన ఖర్చును ఆపద అనకూడదు. చైన్, రెండు స్ప్రాకెట్లు కలిసి అరుగుతాయి, కలిపే మార్చాలి. బ్రేక్ ఫ్లూయిడ్ తేమను పీల్చుకుంటుంది గనుక రెండేళ్లకోసారి మార్చడం పరిపాటి. టైరు పక్కగోడ మీద అది తయారైన వారమూ సంవత్సరమూ నాలుగంకెల్లో ఉంటాయి; 2319 అని ఉంటే అది 2019లో 23వ వారపు టైరు, గుబ్బలు ఎంత నిండుగా కనిపించినా లోపల రబ్బరు గట్టిపడి ఉంటుంది. ఫోర్క్ సీళ్లు, చక్రాల బేరింగులు, స్టీరింగ్ బేరింగులు, వాల్వ్ క్లియరెన్సులు, ఇవన్నీ వరుసలో తమ వంతు కోసం ఎదురుచూస్తున్న ఖర్చులే. పైగా పాత మోడల్‌తో ఒక సౌలభ్యం ఉంది: దాని బలహీనతలు అప్పటికే నడిపినవారందరికీ తెలిసిపోయి ఉంటాయి. 1987లో వచ్చిన కవాసాకి కేఎల్ఆర్650 తొలి తరం బండ్లలో ఇంజిన్ అదురును తగ్గించే బ్యాలెన్సర్ చైన్‌ను బిగువుగా ఉంచే చిన్న లివర్ విరగవచ్చన్న సంగతి యజమానులకు ఎంత బాగా తెలుసంటే, దానికి డూహికీ అని ముద్దుపేరు పెట్టుకుని, అది విరగకముందే గట్టి లివర్ వేయించుకుంటారు. అలా తెలిసిన బలహీనతకు ధర రాసిపెట్టుకోవచ్చు, నెలనెలా కొంత పక్కన పెట్టుకోవచ్చు. ఇప్పుడే మార్కెట్‌లోకి వచ్చిన మోడల్‌కు ఆ చిట్టా ఇంకా తయారు కాలేదు.

మీ బండి పొగ గురించి ఒక మాట. నేను మెకానిక్‌ను కాను గాని, పాత బండి నడిపేవాడినే. థ్రాటిల్ మూసి కొండ దిగుతున్నప్పుడు సిలిండర్‌లో ఏర్పడే శూన్యత వాల్వ్ గైడ్ల (వాల్వులు కదిలే గొట్టాల) వెంబడి ఆయిల్‌ను లోపలికి లాగుతుంది. మళ్లీ థ్రాటిల్ తెరవగానే అది మండి నీలం పొగగా వస్తుంది. ఈ తీరు పొగకు ఎక్కువసార్లు అక్కడ ఆయిల్‌ను ఆపాల్సిన వాల్వ్ సీళ్లు కారణమవుతాయి. పిస్టన్ రింగులు అరిగి ఉంటే, లోడుతో కొండ ఎక్కేటప్పుడు పొగ ఎక్కువగా కనిపించాలి. కాబట్టి ఇంజిన్ విప్పించకముందే లీక్‌డౌన్ పరీక్ష (సిలిండర్‌లోకి గాలి పంపి ఎక్కడ కారుతోందో చూసేది) చేయించండి. సీళ్లతో సరిపోయే పనికి మొత్తం ఇంజిన్ పని అంచనా పట్టుకుని మీరు ఎనిమిది నెలల జీతం అప్పు చేయబోతున్నారేమో ముందు తేలాలి.

అసలు ఆపద ఎలా ఉంటుందో చెబుతాను. నా సలహా తీసుకునేవారిలో ఒకరు, సొంతంగా పని చేసుకునే మనిషి, మట్టిదారిలో నడక కంటే కాస్త ఎక్కువ వేగంతో వెళ్తూ గులకరాళ్లలో ముందు చక్రం జారి పడ్డారు. బండికి వంగిన క్లచ్ లివర్, పగిలిన ఒక ఇండికేటర్ తప్ప మరే నష్టమూ లేదు. సీటు కింద పాత గుడ్డలో చుట్టిపెట్టుకున్న అదనపు లివర్‌ను వెంట ఉన్న మిత్రుడు దారి పక్కనే బిగించారు, బండి స్టార్టయింది. ఆయనకు మాత్రం కాలర్ బోన్ విరిగింది. తొమ్మిది వారాలు పని లేదు, పని లేదు గనుక రాబడీ లేదు. లివర్‌కు, ట్యూబుకు, క్లచ్ కేబుల్‌కు విడిభాగం మోసుకెళ్లిన మనిషి దగ్గర ఒక్క నెల ఇంటి ఖర్చుకు విడిగా డబ్బు లేదు. ఆ తొమ్మిది వారాలు క్రెడిట్ కార్డు మీద గడిచాయి. ఎముక అతుక్కున్న ఏడాదికి కూడా ఆ బాకీ తీరలేదు.

మీ విషయంలో ఆరు నెలల ఇంటి ఖర్చు అంటే 4.2 నెలల జీతం. అది మీ అత్యవసర నిధి. అందులో మీ దగ్గర ఉన్నది ఒకటి, ఇంకా కావలసింది 3.2. ఇప్పుడు ఆ రుణం తీసుకుంటే ఏమవుతుందో చూడండి. ఈఎంఐ మీ జీతంలో 18.6 శాతం అవుతుంది. అయిదేళ్లలో మీరు తిరిగి కట్టేది 11 నెలల జీతం పైచిలుకు, అంటే వడ్డీయే మూడు నెలల జీతం దాటుతుంది. వడ్డీ కంటే పెద్ద నష్టం మరొకటి ఉంది. ఈఎంఐ కూడా తప్పనిసరి ఖర్చే గనుక మీకు కావలసిన అత్యవసర నిధి 4.2 నుంచి 5.3 నెలల జీతానికి పెరుగుతుంది, నెలకు మిగిలేది మాత్రం 30 శాతం నుంచి 11.4 శాతానికి పడిపోతుంది. మరో రూపంలో చెప్పాలంటే, మిగిలినదంతా పొదుపు చేసినా ఆ నిధి పూర్తి కావడానికి 38 నెలలు పడుతుంది. ఆ 38 నెలలూ మీరు కొత్త బండి మీద, ఏ ఆధారమూ లేకుండా, గులకరాళ్ల దారుల్లో తిరుగుతుంటారు.

ఇందులో క్రెడిట్ కార్డు బాకీని నేనింకా కలపలేదు. నెలకు 3 శాతం అంటే చిన్నదిగా వినిపిస్తుంది గాని, కట్టకుండా వదిలేస్తే ఏడాదికి 42 శాతం దాటుతుంది. నెలన్నర జీతం మీద మొదటి నెల వడ్డీయే మీ జీతంలో 4.5 శాతం, ఈఎంఐ పోగా మిగిలే 11.4 శాతంలో అది కూడా పోతుంది. జీతం లేని నాలుగు వారాలను మీరు యాత్ర ఖర్చులో వేయనే లేదు. మీరు దారిలో ఉన్నంత మాత్రాన అమ్మగారి మందులు ఆగవు, ఇంటి అద్దె ఆగదు, ఈఎంఐ ఆగదు. ఆ నెల వాటిని దేనితో కడతారు? మళ్లీ అదే కార్డుతో. విహారయాత్రకు కార్డు అప్పు చేయడాన్ని నేను ఏ సందర్భంలోనూ సమర్థించను, ఎవరైనా సమర్థిస్తే వారి మాట వినవద్దు.

కార్నే హామీ "తిరిగి వచ్చేదే" అన్న మీ మాట సగమే నిజం. బండి తాను ప్రవేశించిన దేశం నుంచి గడువులోగా బయటికి వచ్చినట్టు ముద్రలన్నీ సక్రమంగా పడితేనే ఆ డబ్బు తిరిగి వస్తుంది. బండి అక్కడే పాడై, లేదా మీరు గాయపడి, దాన్ని అక్కడే వదిలేసి రావలసి వస్తే ఆ దేశపు కస్టమ్స్ సుంకం అడుగుతుంది, హామీ దానికింద పోతుంది. అంటే మీకు ఆపద వచ్చిన రోజునే మీ పొదుపు కూడా చిక్కుకుపోతుంది. ఎప్పుడు అవసరమైతే అప్పుడు చేతికి రాని డబ్బును అత్యవసర నిధిగా లెక్కించకూడదు.

బీమా విషయంలో మీరు తీసేయాలనుకున్నది తీసేయకూడనిది. పాత బండికి సొంత నష్టం కవర్ మానుకుంటానంటే నేను అభ్యంతరం చెప్పను; దాని విలువ తక్కువ, ఆ నష్టాన్ని మీరు భరించగలరు. చట్టం అడిగే థర్డ్ పార్టీ బీమా ఎలాగూ ఉండాల్సిందే. కానీ వ్యక్తిగత ప్రమాద బీమా మీ సంపాదనకు కాపలా, దాన్ని మట్టిదారి యాత్రకు ముందు వదులుకోవడమంటే వాన మొదలయ్యాక గొడుగు అమ్ముకోవడమే. ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు మినహాయింపుల పేజీని అక్షరం వదలకుండా చదవండి: కొన్ని పాలసీలు నిర్ణీత సీసీ దాటిన మోటార్‌సైకిళ్లకు వర్తించవు, కొన్ని చదును చేయని దారుల్లో జరిగిన ప్రమాదాలకు చెల్లించవు, తగిన లైసెన్సు లేదన్న కారణంతో తిరస్కరించేవీ ఉన్నాయి. మారుమూల నుంచి ఆసుపత్రికి తరలించే ఖర్చు అందులో ఉందో లేదో లిఖితపూర్వకంగా అడిగి తెలుసుకోండి. అమ్మగారు మీ మీద ఆధారపడి ఉన్నారు కాబట్టి, మీరు లేకపోతే ఆమెకు డబ్బు అందేలా టర్మ్ జీవిత బీమా పాలసీ కూడా ఉండాలి.

కొద్దిగా వాడిన, అయిదారేళ్ల బండిని నగదుతో కొనడం, యాత్ర చోటనే బండి అద్దెకు తీసుకోవడం కూడా మార్గాలే. అత్యవసర నిధి పూర్తయ్యాక వాటి గురించి ఆలోచించవచ్చు.

నా సూచన ఇది. మిగిలే 30 శాతంలో 22 శాతం అత్యవసర నిధికి, 8 శాతం బండి ఖాతాకు, రెండూ వేర్వేరు ఖాతాల్లోకి జీతం పడిన రోజునే వెళ్లాలి. అత్యవసర నిధి 15 నెలల్లో పూర్తవుతుంది; బండికి కావలసిన ఒక నెల జీతం 13 నెలల్లో సమకూరుతుంది. బండి ఖాతాలో డబ్బు చేరుతున్న కొద్దీ మొదట బ్రేకులు, టైర్లు, బేరింగులు చేయించండి, ఇంజిన్ ఆ తర్వాత. అంతవరకు పెట్రోలు పోయించినప్పుడల్లా ఆయిల్ మట్టం చూసి, తగ్గినంత పోయండి. పొగ మీ బండిని ఆపదు, ఆయిల్ లేకపోవడం ఆపుతుంది. 15 నెలల తర్వాత ఆ 22 శాతం యాత్ర ఖాతాకు మళ్లించండి. సరిహద్దు దాటకుండా, జీతం ఉన్న రెండు వారాల సెలవులోనే తిరిగితే, ఖర్చు అర నెల జీతం అనుకున్నా, 18వ నెలలో బయల్దేరవచ్చు. ఆరు వారాల యాత్రే కావాలంటే, జీతం లేని నెలతో కలిపి రెండున్నర నెలల జీతం కావాలి, అది 27వ నెలకు వస్తుంది. కార్నే హామీకి విడిగా మరికొన్ని నెలలు వేసుకోండి. అప్పు దారిలో, కార్డు బాకీ కూడా కలిస్తే 38 నెలలకు కూడా పూర్తికాని నిధి, ఈ దారిలో 27 నెలల్లో బాగుచేసిన బండితోనూ, బాకీ లేని యాత్రతోనూ కలిసి వస్తుంది.

ప్రమాద బీమా గడువు తేదీ ఈ రోజే చూసి, అది ముగియకముందే పునరుద్ధరించండి; దానికయ్యే సొమ్మును బండి ఖాతాలోంచే తీయండి. లీక్‌డౌన్ పరీక్షలో రింగులు బాగున్నాయని తేలి మెకానిక్ అంచనా తగ్గితే, తగ్గినంత మేర 8 శాతంలోంచి తీసి అత్యవసర నిధికి కలపండి, జాకెట్‌కో పెట్టెలకో కాదు.