బోర్డు మీది ‘యీ’ అంటే ‘మీరు’ కాదండీ

లండన్ ఫ్లీట్ స్ట్రీట్‌లోని ‘యీ (Ye) ఓల్డ్ చెషైర్ చీజ్’ పబ్బు బోర్డు చూసి, ఆ ‘యీ’కి ‘మీరు’ అని అర్థమా, అలాగైతే వాక్యం ఎందుకు కుదరడం లేదు అని అడిగారు. మీ అనుమానం సబబే. అది మామూలు ‘ది’ (the). చదవాల్సింది కూడా ‘ది’ అనే.

పాత ఇంగ్లీషులో థోర్న్ అనే అక్షరం ఉండేది. పేరుకు అర్థం ముల్లు. నిలువు గీత, దాని నడుమ కుడివైపు చిన్న పొట్ట, అంతే. ‘థింక్’, ‘దిస్’ మాటల మొదటి ధ్వనులు రెంటికీ ఆ ఒక్క అక్షరమే చాలేది. కాలక్రమేణా చేతిరాతలో ఆ పొట్ట పైన తెరుచుకుపోయి, చూడటానికి అచ్చం ‘వై’ (y) లా తయారైంది. 1476లో ఇంగ్లండు తొలి ముద్రాపకుడు కాక్స్‌టన్ లండన్ పక్కనున్న వెస్ట్‌మినిస్టర్‌లో అచ్చుయంత్రం పెట్టాడు. యూరప్ నుంచి వచ్చిన అచ్చు అక్షరాల్లో థోర్న్ లేదు. దాని చోట ‘వై’ పెట్టి సరిపెట్టారు. అలా థోర్న్‌తో రాసే ‘ది’ కాస్తా చూపుకు ‘యీ’ (ye) అయింది. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్‌లో చోటు చాలని వరుసల్లో, ‘వై’ నెత్తిన బుల్లి ‘ఇ’ (e) కూర్చోబెట్టిన ‘ది’ కనిపిస్తుంది. నాకు ఎంత చూసినా తనివి తీరని అక్షరం అది!

‘మీరు’ అనే ‘యీ’ కూడా నిజంగానే ఉంది, ‘హియర్ యీ’ (మీరు వినండి) అన్నప్పుడు వినేది అదే. దాన్ని మాత్రం ‘యీ’ అనే పలకాలి. ఇలాంటి బోర్డుల మీద ‘యీ’ తర్వాత నామవాచకమో విశేషణమో వస్తే ‘ది’ అనుకోండి. థోర్న్‌ని కళ్లారా చూడాలంటే ఐస్‌లాండిక్ పత్రిక ఏదైనా తెరవండి, వాళ్లు ఇప్పటికీ రాస్తున్నారు.