కొత్త కోచ్ మొదటి ఏడాదిని ఎలా చూడాలి: న్యూయార్క్ జెట్స్ అభిమాని అయిన మేనల్లుడికి, 2025 నవంబర్

అల్లుడూ,

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో మీ జెట్స్ వాళ్లు డిఫెన్స్ స్టార్లు గార్డ్‌నర్‌ని, విలియమ్స్‌ని ఒకే రోజు వేరే టీమ్‌లకి వదిలేసుకున్నారని నువ్వు పెట్టిన మెసేజ్ చూశాను. 8 ఆటల్లో గెలిచింది ఒక్కటి, ఉన్న ఇద్దరు స్టార్లనూ పంపేశారు, ఇంక ఈ టీమ్‌ని ఎందుకు చూడాలి మామయ్యా అని అడిగావు కదా, ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావు, అందుకే రాస్తున్నాను. నేను డెట్రాయిట్ పక్కన ఉంటూ అక్కడి టీమ్ లయన్స్‌ని చూస్తూ వచ్చినవాణ్ణి. 2008లో 16 ఆటలకి 16 ఓడిన టీమ్ అది. పైగా మీ కోచ్ ఆరన్ గ్లెన్ వచ్చింది మా దగ్గర నుంచే, 2021 నుంచి నాలుగు సీజన్లు ఇక్కడ డిఫెన్స్ కోఆర్డినేటర్‌గా, అంటే డిఫెన్స్‌ని నడిపే కోచ్‌గా చేశాడు.

కొత్త కోచ్ మొదటి ఏడాది స్కోరు పట్టుకుని కూర్చోకు. బాగా నడుస్తున్న టీమ్‌కి కొత్త కోచ్ అవసరం సాధారణంగా రాదు. 2010 సీజన్ తర్వాత ప్లేఆఫ్స్ మొహం చూడని టీమ్‌ని చేతిలో పెట్టి ఆరు నెలల్లో గెలిపించమంటే ఎవరివల్లా కాదు. చూడాల్సినవి వేరే ఉన్నాయి. 2021లో డాన్ క్యాంప్‌బెల్ కొత్త హెడ్ కోచ్‌గా మా దగ్గరికి వచ్చిన మొదటి ఏడాది ఎలా నడిచిందో చెబితే నీకే తెలుస్తుంది.

మొదటి ఆటలో ఫోర్టీనైనర్స్ మీద చాలా వెనకబడి, చివర్లో దాదాపు పట్టేసుకుని 41-33తో ఓడాం. మూడో ఆటలో బాల్టిమోర్ మీద గెలిచేశాం అనుకున్న క్షణంలో జస్టిన్ టకర్ 66 గజాల నుంచి ఫీల్డ్ గోల్ (బంతిని తన్ని స్తంభాల మధ్య నుంచి పంపడం, 3 పాయింట్లు) కొట్టాడు, బంతి కింది కడ్డీకి తగిలి ఎగిరి అవతల పడింది, 19-17. అప్పటికి లీగ్ చరిత్రలో అంత దూరం నుంచి ఎవరూ కొట్టలేదు. రెండు వారాలకి మిన్నెసోటా మీద మళ్లీ అదే 19-17, మళ్లీ ఆఖరి క్షణంలో 54 గజాల కిక్. ఆ రోజు క్యాంప్‌బెల్ విలేకరుల ముందు కన్నీళ్లు పెట్టుకున్నాడు. కొందరు నవ్వారు. కానీ తన కుర్రాళ్లు అంత కష్టపడినా ఫలితం దక్కలేదన్న బాధ అది, ఆటగాళ్లకి ఆ సంగతి అర్థమైంది.

అలాగని ఎప్పుడూ పోరాడారనీ చెప్పను. అక్టోబర్ 31న సొంత స్టేడియంలోనే ఫిలడెల్ఫియా చేతిలో 44-6. అసలు ఆడినట్టే లేదు. నువ్వు గమనించాల్సింది ఇలాంటి ఆట తర్వాత కోచ్ ఏం చేస్తాడన్నది. క్యాంప్‌బెల్ మర్నాడు కూర్చుని ఎవరి మీదా నెపం వేయలేదు, ఆ తర్వాతి ఆట నుంచి అటాక్‌లో ఏ ప్లే ఆడాలో చెప్పే పని తనే తీసుకున్నాడు. ఆ ఆటలో పిట్స్‌బర్గ్‌తో వానలో 16-16 డ్రా. గెలుపు కాదు, నిజమే, కానీ ఒక్కటీ గెలవని 0-8 టీమ్ వాళ్ల ఊరెళ్లి ఓడకుండా తిరిగొచ్చింది. టైట్ ఎండ్స్ అనే ఆటగాళ్ల కోచ్‌గా ఉన్న బెన్ జాన్సన్‌కి అప్పుడే పెద్ద బాధ్యత ఇచ్చారు. తర్వాత లయన్స్ అటాక్‌ని లీగ్‌లోనే అందరూ భయపడే స్థాయికి తీసుకెళ్లింది ఆయనే. అంటే చెత్త సీజన్ మధ్యలోనే మంచి మార్పు ఒకటి మొదలైంది, స్కోరు మాత్రమే చూసినవాళ్లకి అది కనిపించలేదు.

డిసెంబర్ 5న మొదటి గెలుపు. మిన్నెసోటా మీదే, ఆఖరి ప్లేలో మా క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరేవాడు) జారెడ్ గాఫ్ 11 గజాల టచ్‌డౌన్ పాస్ వేశాడు, పట్టింది డ్రాఫ్ట్‌లో (కొత్త ఆటగాళ్లని టీమ్‌లు వంతులవారీగా ఎంచుకోవడం, వెనకబడ్డ టీమ్‌కి ముందు వంతు) నాలుగో రౌండ్‌లో తీసుకున్న కొత్త కుర్రాడు అమన్-రా సెయింట్ బ్రౌన్, అతనికి లీగ్‌లో అదే తొలి టచ్‌డౌన్. 29-27. అంతకు ఐదు రోజుల ముందే ఇక్కడికి దగ్గర్లోని ఆక్స్‌ఫర్డ్ హైస్కూల్లో కాల్పులు జరిగి నలుగురు పిల్లలు చనిపోయారు. గెలిచాక క్యాంప్‌బెల్ ఆ పిల్లల పేర్లు చదివి, ఆ గెలుపు బంతిని ఆక్స్‌ఫర్డ్ ఊరికి అంకితం ఇచ్చాడు. 1-10-1 (ఒక గెలుపు, 10 ఓటములు, ఒక డ్రా) టీమ్‌కి ఊరంతా దగ్గరైంది ఆ రోజే అని నేను ఇప్పటికీ నమ్ముతాను.

సీజన్ 3-13-1తో ముగిసింది. తర్వాతి ఏడాది ఇంకా గుండె గట్టిచేసుకోవాల్సి వచ్చింది, ఎందుకంటే మళ్లీ 1-6. 1-5 దగ్గర ఉన్నప్పుడే, రెండో ఏడాది కూడా ఇదేనా అని అందరం విసిగిపోయిన సమయంలో యజమాని షీలా ఫోర్డ్ హ్యాంప్ ప్రాక్టీస్ దగ్గరికొచ్చి ఈ కోచ్ మీద నమ్మకం ఉందని అందరి ముందూ చెప్పింది. ఆ ఏడాది ఇచ్చిన గజాల లెక్కలో లీగ్‌లో ఆఖరి డిఫెన్స్ ఎవరిదో తెలుసా? మీ గ్లెన్‌దే. తీసేయమని అరిచినవాళ్లు చాలామంది. ఉంచారు. చివరి 10 ఆటల్లో 8 గెలిచి 9-8తో ముగించారు, మరుసటి ఏడాది 12-5తో 1993 తర్వాత మొదటిసారి డివిజన్ (నాలుగు టీమ్‌ల గుంపు) గెలిచారు.

ఇది చెప్పి గ్లెన్ కూడా క్యాంప్‌బెల్ అంతటివాడు అవుతాడని నీకు మాటివ్వను. అదే 2021లో జాక్సన్‌విల్‌కి అర్బన్ మేయర్ అనే కొత్త కోచ్ వచ్చాడు, సిన్సినాటిలో ఓడిపోయాక టీమ్‌తో పాటు విమానంలో తిరిగి రాకుండా అక్కడే ఒహాయోలో ఉండిపోయాడు, డిసెంబర్‌లో 2-11 మీద ఉండగా తీసేశారు. రెండు టీమ్‌లకీ గెలుపులు దాదాపు ఒకటే. తేడా ఏంటంటే ఇక్కడ ఆటగాళ్లు కోచ్ కోసం ఆడారు. మీ దగ్గర ఏం జరుగుతోందో అదే కంటితో చూడు. 0-7 మీద ఉండి, సిన్సినాటిలో నాలుగో క్వార్టర్ మొదలయ్యేటప్పటికి 31-16 వెనకబడి, 39-38తో గెలిచారు కదా, కోచ్‌ని వదిలేసిన టీమ్ అలా ఆడదు.

ఇక గార్డ్‌నర్ సంగతి. నీ బాధ నాకు తెలుసు. 2021లో మేం మా క్వార్టర్‌బ్యాక్ మాథ్యూ స్టాఫర్డ్‌ని రామ్స్‌కి పంపేసినప్పుడు, అతను అదే సీజన్‌లో వాళ్లతో సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) గెలిచాడు, ఇక్కడివాళ్లు ఏడుస్తూనే చప్పట్లు కొట్టారు. గార్డ్‌నర్ జెర్సీ పారేయకు, పిల్లాడికి ఇష్టమైతే వేసుకోనివ్వు. స్టాఫర్డ్ బేరంలో మాకు వచ్చిన రెండు ఫస్ట్ రౌండ్ పిక్స్‌లో (డ్రాఫ్ట్ మొదటి రౌండ్ వంతులు) రెండోది 2023లో 6వ నంబర్ అయింది, 2022లో రామ్స్ 5-12కి పడిపోయారు కాబట్టి. దాన్ని 12కి మార్చుకుని జమీర్ గిబ్స్‌ని తెచ్చారు, ఆ మార్పిడిలో వచ్చిన 34వ పిక్‌తో శామ్ లపోర్టాని. మీకు గార్డ్‌నర్‌ని తీసుకున్న కోల్ట్స్ నుంచి 2026, 2027 ఫస్ట్ రౌండ్ పిక్స్ రావాలి. అందుకని ఇప్పటి నుంచీ కోల్ట్స్ ఆటలు కూడా చూడు, మనస్ఫూర్తిగా వాళ్లు ఓడాలని కోరుకో.

కానీ మీ వాళ్లు ఓడాలని మాత్రం కోరుకోకు. ఆఖరి స్థానంలో ఉంటే డ్రాఫ్ట్‌లో మొదటి నంబర్ వస్తుందని నీ స్నేహితులు లెక్కలు వేస్తుంటారు, నాకు అది అస్సలు నచ్చదు. 2021 ఆఖరి ఆటలో గ్రీన్ బేని 37-30తో ఓడించి మేం మొదటి నంబర్ పోగొట్టుకున్నాం, అది జాక్సన్‌విల్‌కి వెళ్లింది. రెండో నంబర్‌తో దొరికినవాడు ఏడన్ హచిన్సన్, మిషిగన్ కుర్రాడే. గెలవడం అలవాటు కావాల్సిన కుర్రాళ్లకి ఓడటం నేర్పి ఏం బాగుపడతారు?

హైదరాబాద్‌లో పెరిగినవాడివి, డెక్కన్ చార్జర్స్ 2008లో అట్టడుగున ఉండి 2009లో కప్పు ఎత్తింది చూశావు కాబట్టి ఇక్కడా ఏడాదిలో తిరగబడుతుందనుకుంటావేమో. క్రికెట్‌లో ఇద్దరు ముగ్గురు ఆటగాళ్లు చాలు. ఇక్కడ 22 చోట్ల మనుషులు కావాలి, డ్రాఫ్ట్‌లో ఏడాదికి నిలబడేవాళ్లు ఇద్దరో ముగ్గురో. రెండో ఏడాది సగం దాకా ఆగు. అప్పటికీ అవే తప్పులు, అవే సాకులు అయితే నువ్వు తిట్టినా నేను ఆపను.

ఈ ఆదివారం క్లీవ్‌లాండ్ ఆట ఉంది. స్కోర్‌బోర్డు పక్కన పెట్టి మీ క్వార్టర్‌బ్యాక్‌ని కుడివైపు కాపాడే రైట్ టాకిల్ అర్మాండ్ మెంబూని చూడు. 7వ నంబర్‌తో తీసుకున్నారు, మా పెనే సూవెల్‌ని కూడా 2021లో అదే 7వ నంబర్‌తో, అదే పనికి తీసుకున్నారు, మొదటి ఏడాదిలో తడబడ్డాడు, ఇప్పుడు లీగ్‌లో అతన్ని మించినవాడు లేడంటారు. అవతల క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకొచ్చే మైల్స్ గారెట్ ఉంటాడు. అతను మెంబూ వైపు వచ్చిన ప్రతిసారీ బంతి వదిలేసి వాళ్లిద్దర్నే చూడు, మెంబూ ఎన్నిసార్లు ఓడాడు, ఓడిన తర్వాతి ప్లేలో ఎలా నిలబడ్డాడు. ఆట అయ్యాక ఫోన్ చెయ్, మాట్లాడుకుందాం. అమ్మాయికి, పిల్లాడికి మా ఆశీస్సులు.

మీ మామయ్య