నీ హాస్టల్ రాతల గురించి

అమ్మాయీ,

నువ్వు పంపిన పేజీలన్నీ చదివాను. ఐదింటికి బెల్లు, బాత్రూముల దగ్గర బకెట్ల వరుస, జడలు వేసుకుంటూనే ఫార్ములాలు వల్లె వేయడం, వీకెండ్ టెస్టు, తర్వాత గోడకి ర్యాంకుల లిస్టు, రోజూ ఇదే కదా, ఇందులో రాయడానికేముందని అడిగావు. చాలా ఉంది. ఫస్టియర్‌లో ఇంటికి ఫోన్ చేయడానికి లైన్లో నిలబడి ఏడ్చిన నువ్వు, ఇప్పుడు అదే లైన్లో ఏడుస్తున్న జూనియర్‌కి నీ వంతు ఇచ్చేసి స్టడీ అవర్‌కి వెళ్ళిపోయావని రాశావు చూడు, అక్కడ కాసేపు ఆగిపోయాను. పెద్దదాన్నయ్యానని ఎక్కడా అనకుండానే అనేశావు. దాని కింద "కాలం ఎంత మార్చేస్తుందో" అని ఒక వాక్యం పెట్టావు, అది కొట్టెయ్.

మెస్ గురించి ఇంకా రాయి. ఉప్మా బాగోలేదని అందరూ రాస్తారు. ఎవరు ఎవరి పక్కన కూర్చుంటారు, ర్యాంకులు వచ్చిన రోజు ఆ చోట్లు ఎలా మారతాయి, అది నువ్వే రాయగలవు.

ఇక నీ స్నేహితురాలి సంగతి. లిస్టు చూసి తను ఏడవడం, ఆ రాత్రి వాళ్ళ నాన్న అప్పుల గురించి నీకు చెప్పుకోవడం చక్కగానే రాశావు. సెలవుల్లో ఇంటికెళ్ళాక ఇన్‌స్టాలో పెడతానన్నావు, పేరు మార్చాను కదా అన్నావు. పేరొక్కటే మార్చావు. సెక్షన్, కిటికీ పక్క మంచం, వాళ్ళ ఊరి చెరువు అన్నీ అలాగే ఉన్నాయి. మీ హాస్టల్లో ఎవరైనా రెండు లైన్లు చదివితే చాలు, తనెవరో చెప్పేస్తారు. నచ్చకపోతే డిలీట్ చేస్తానంటావేమో, ఇన్‌స్టా స్టోరీ 24 గంటల్లో పోతుంది కానీ ఎవరో తీసిన స్క్రీన్‌షాట్ పోదు.

గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది జడ్జీలు ఏకగ్రీవంగా చెప్పారు. 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టమైతే 18 ఏళ్ళు నిండని వాళ్ళ సమాచారం వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలని కంపెనీలకి షరతు పెట్టింది. నిన్ను భయపెట్టడానికి కాదు ఇదంతా, మీ మధ్య విషయం కోర్టు దాకా పోయేది కూడా కాదు. కానీ పరాయి కంపెనీయే అడగాల్సిన చోట, పక్క మంచం మీద పడుకునే నువ్వు అడగకపోతే ఎలా చెప్పు? తను ఆ రాత్రి మాట్లాడింది స్నేహితురాలితో, రచయిత్రితో కాదు.

లెక్చరర్ మీద క్లాస్ గ్రూపులో తిరిగిన మెసేజ్ గురించీ రాశావు, నిజమో కాదో తెలియకుండానే నువ్వూ ఫార్వర్డ్ చేశానన్నావు. ఆ పేరా తీసేయకు, దాన్నే పెంచు. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పుకార్లు పాకినప్పుడు, గద్వాల వైపు అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసుల్ని ఊరూరికీ పంపి డప్పులతో, పాటలతో జనానికి నచ్చజెప్పించాల్సి వచ్చింది. ఆ జులైలోనే మన దేశంలో ఒకసారికి ఐదు చాట్లకి మించి ఫార్వర్డ్ కుదరకుండా చేస్తామని వాట్సాప్ ప్రకటించింది. ఆ మెసేజ్ పంపే ముందు నీ మనసులో ఏముంది, అందరూ పంపారనా, ఆయన మీద కోపమా, పంపకపోతే గ్రూపులో వెలివేస్తారన్న టెన్షనా? అది దాచకుండా రాస్తే నువ్వు పంపినవాటిలో అదే గట్టి పేజీ అవుతుంది.

ముందు అన్నీ నోట్‌బుక్‌లో రాసుకో, అక్కడ ఎవరి గురించైనా రాయి, నిన్ను ఎవరూ ఆపరు. బయటపెట్టే ముందు మాత్రం అందులో ఉన్నవాళ్ళకి చదివి వినిపించు. ఈసారి ఔటింగ్‌కి వెళ్ళినప్పుడు ఆ పేజీ నీ స్నేహితురాలికి ఇవ్వు, పక్కనే కూర్చుని ముఖంలోకి చూడకు, తనని చదువుకోనివ్వు. వద్దంటే ఆ భాగం తీసేసి మిగతాది నాకు పంపు.

ఆశీస్సులతో,
మీ అమ్మమ్మ వయసు రచయిత్రి