కరువొస్తే సన్న ఉన్నికి అదనపు ధర ఎందుకు తగ్గుతుంది?

మెరినో (సన్న ఉన్ని ఇచ్చే గొర్రె జాతి) నూలుతో శాలువాలు, లోపల వేసుకునే థర్మల్స్ చేయించి అమ్ముదామనుకుంటున్నానని రాశారు. ఆస్ట్రేలియాలో కరువొస్తే ఉన్ని తగ్గి రేటు పెరగాలి కదా, 2019 ప్రాంతంలో సన్న రకానికి ఉండే అదనపు ధర కాస్తా ఎందుకు కరిగిపోయింది, అసలు ఈ రేటు ఎవరి చేతిలో ఉంటుంది అని అడిగారు. నేను హైదరాబాద్‌లో టెక్స్‌టైల్ టెక్నాలజీ చదివి, లుధియానాలో ఒక స్పిన్నింగ్ మిల్లులో చాలా ఏళ్లు ముడి ఉన్ని కొనే విభాగంలో పనిచేశాను. ఇప్పుడు ఆ పనిలో లేను కాబట్టి మొహమాటం లేకుండా చెప్పగలను.

ముందు కరువు సంగతి. గొర్రె తినే మేతను బట్టి దాని ఉన్ని పోగు లావు మారుతుంది. కడుపునిండా పచ్చిక మేసిన ఏడాది 19.5 మైక్రాన్ల ఉన్ని ఇచ్చిన మందే, ఎండుగడ్డి మీదా కొని తెచ్చిన దాణా మీదా బతికిన ఏడాది 18.5 ఇస్తుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటర్లో వెయ్యో వంతు, తగ్గేకొద్దీ ఉన్ని మెత్తన, ధర ఎక్కువ. కరువులో మొత్తం కిలోలు తగ్గే మాట నిజమే, గొర్రెకి వచ్చే ఉన్నీ తగ్గుతుంది, మేపలేక రైతు కొన్నిటిని మాంసానికి అమ్మేస్తాడు కూడా. కానీ ఉన్నదాంట్లో సన్న రకం వాటా పెరుగుతుంది. 2018, 2019లో తూర్పు ఆస్ట్రేలియాలో జరిగింది ఇదే: వేలానికి సన్న ఉన్ని దండిగా వచ్చింది, కాస్త లావుగా ఉండే 20, 21 మైక్రాన్ల సరుకు కరువైంది. దాంతో 17 మైక్రాన్లకీ 21 మైక్రాన్లకీ మధ్య తేడా బాగా కుంచించుకుపోయింది. 2020లో వానలు పడి పచ్చిక లేచాక లెక్క తిరగబడి, 2021 నాటికి 17 మైక్రాన్ల ధర 21 మైక్రాన్ల ధరకి ఒకటిన్నర రెట్లు దాటిపోయింది.

పైగా కరువు ఉన్ని సన్నగా ఉన్నంత మాత్రాన మంచి సరుకు కాదు. గొర్రె బక్కచిక్కిన నెలల్లో పెరిగిన భాగం దగ్గర పోగు బలహీనంగా ఉంటుంది, దువ్వే యంత్రంలో సరిగ్గా అక్కడే తెగుతుంది. తెగిన పొట్టి ముక్కలు వేరే తక్కువ రకం సరుకుగా పోతాయి. దుమ్ము ఎక్కువ కాబట్టి కడిగాక చేతికొచ్చే శుభ్రమైన ఉన్నీ తగ్గుతుంది. అందుకే ఆస్ట్రేలియాలో దాదాపు ప్రతి లాటునీ వేలానికి ముందే ల్యాబులో పరీక్ష చేయించి, మైక్రాన్, పొడవు, బలం, గడ్డీ గింజల శాతం, కడిగాక ఎంత మిగులుతుంది అన్నీ కాగితం మీద పెడతారు. నేను మైక్రాన్ కంటే ముందు బలం అంకె చూసేవాణ్ణి.

కాబట్టి 'మెరినో ధర' అని ఒకే అంకె మనసులో పెట్టుకోకండి. మొత్తంగా ఉన్నికి పలికే రేటు ఒకటి, సన్నదనానికి ఇచ్చే అదనం ఇంకొకటి. రెండో దాన్ని ఎక్కువగా ఆస్ట్రేలియా వానలు నడిపిస్తాయి. మొదటిదాన్ని కొనేవాళ్లు నడిపిస్తారు, నా లెక్కలో అసలు కథ అక్కడే ఉంది.

ఎందుకంటే అమ్మేవైపు వాళ్ల చేతిలో వెంటనే తిప్పగలిగేది పెద్దగా లేదు. ఈ సీజన్లో రేటు బాగుందని వచ్చే సీజన్‌కి ఉన్ని పెంచడం కుదరదు. గొర్రె ఈనాలి, పిల్ల ఎదగాలి, మొదటి కత్తిరింపు రావాలి. ఇంతలో మాంసం ధర బాగుంటే రైతు మెరినో గొర్రెల్ని మాంసపు జాతి పొట్టేళ్లతో దాటిస్తాడు, ఆ పిల్లలకి సన్న ఉన్ని రాదు. కొందరైతే ఉన్ని దానంతట అదే రాలిపోయే డార్పర్ లాంటి జాతికి మారిపోయారు, బొచ్చు కత్తిరించే పనివాళ్లు దొరకడం కష్టమైంది మరి. గోధుమ, కనోలా (ఒక నూనెగింజ) వేసుకోగల నేల ఉన్నవాళ్లు అటు జరిగారు. 1990లో 17 కోట్ల దాకా ఉన్న ఆస్ట్రేలియా గొర్రెలు ఇప్పుడు 7 కోట్లకి అటూ ఇటూ. అయినా 2020లో ధర కుప్పకూలింది చూడండి, సరుకు తక్కువగా ఉంటే చాలు ధర పెరుగుతుందనుకునేవాళ్లకి దానికి మించిన జవాబు లేదు.

ఆ కుప్పకూలడం ఎలా జరిగిందంటే, ఆస్ట్రేలియా ఉన్నిలో సుమారు 80 శాతం చైనాకి వెళ్తుంది. అంతా చైనావాళ్లే వేసుకుంటారని కాదు, జియాంగ్సు రాష్ట్రంలో జాంగ్‌జియాగాంగ్ లాంటి చోట్ల కడిగి, దువ్వి, కొంత అక్కడే బట్టగా మార్చుకుంటారు, కొంత మళ్లీ ఎగుమతి చేస్తారు. మిగతా 20 శాతాన్ని ఇండియా, ఇటలీ, చెక్ రిపబ్లిక్ లాంటి దేశాలు పంచుకుంటాయి. ఇలాంటి మార్కెట్లో చైనా మిల్లులు రెండు వారాలు చేతులు ముడుచుకుంటే చాలు, వేలం పాట పాడేవాడు ఉండడు. మేమందరం చూసే సూచీ ఈస్టర్న్ మార్కెట్ ఇండికేటర్, శుభ్రమైన ఉన్ని కిలోకి ఇన్ని ఆస్ట్రేలియా సెంట్లు అని చెబుతుంది. 2018 ఆగస్టులో అది 2116 సెంట్లు తాకింది, అదే రికార్డు. 2019 ఆగస్టులో అమెరికా, చైనా సుంకాల గొడవ ముదిరేసరికి దబ్బున పడింది. తర్వాత కోవిడ్. ఆఫీసులు మూసేశారు, పెళ్లిళ్లు ఆగాయి, సూట్లు ఎవరు కుట్టించుకుంటారు? 2020 సెప్టెంబర్‌కి 858. రెండేళ్లలో సగాని కంటే కింద. గొర్రెల సంఖ్య మాత్రం ఆ రెండేళ్లలో తగ్గిందే కానీ పెరగలేదు.

కొనేవైపు ఊపు ఇంత ఎక్కువగా ఉండటానికి ఇంకో కారణం మధ్యలో ఆగే నిల్వలు. గొర్రె వీపు మీంచి షాపులో కోటు దాకా రావడానికి ఏడాది పైనే పడుతుంది. కడిగేవాడు, దువ్వేవాడు, వడికేవాడు, నేసేవాడు, కుట్టేవాడు అందరి దగ్గరా కొంత సరుకు ఉంటుంది. రేటు పెరుగుతుందనిపిస్తే ప్రతివాడూ నెల రోజుల సరుకు ఎక్కువ కొని పెట్టుకుంటాడు, పడుతుందనిపిస్తే ఉన్నదాంతోనే నెట్టుకొస్తాడు. షాపులో అమ్మకం ఐదు శాతం తగ్గితే వేలంలో డిమాండ్ ఇరవై శాతం తగ్గినట్టు కనిపించడం అందుకే (ఈ అంకెలు ఉదాహరణకి చెప్తున్నవే). గుంటూరు మిర్చి యార్డు, కోల్డ్ స్టోరేజీల వ్యవహారం తెలిసినవాళ్లకి నేను ఇంతకన్నా వివరించక్కర్లేదు.

మరి రైతులు ఏకమై ధర పడకుండా పట్టుకోలేరా అంటే, పట్టుకున్నారు. ఇది తెలుసుకోవాల్సిన కథ. 1970ల నుంచి ఆస్ట్రేలియాలో కనీస ధర పథకం నడిచింది. వేలంలో ఆ ధర రాకపోతే వూల్ కార్పొరేషన్ అనే ప్రభుత్వ సంస్థే కొని గోడౌన్లో పెట్టేది, డబ్బు రైతుల దగ్గర వసూలు చేసిన సెస్సుది. చాలా ఏళ్లు బాగానే సాగింది. 1988లో బూమ్ నడుస్తుండగా కనీస ధరని కిలోకి 870 సెంట్లకి పెంచేశారు. ఆ ధర చూసి రైతులు గొర్రెలు పెంచారు, మిల్లులు పాలియెస్టర్ కలపడం పెంచాయి. ఆ తర్వాత చైనా కొనుగోళ్లు తగ్గాయి, సోవియట్ యూనియన్ చేతిలో డబ్బు లేకపోయింది. వేలంలో ఎక్కువ భాగం కార్పొరేషనే కొనుక్కునే పరిస్థితి వచ్చింది. 1990లో 700కి తగ్గించారు, అప్పటికే ఆలస్యం అయింది, ఎందుకంటే ఒకసారి తగ్గించినవాళ్లు ఇంకోసారీ తగ్గిస్తారని కొనేవాళ్లంతా కాచుక్కూర్చున్నారు. 1991 ఫిబ్రవరిలో పథకం ఆపేసేనాటికి 47 లక్షల బేళ్లు పేరుకుపోయాయి, వందల కోట్ల డాలర్ల అప్పు మిగిలింది. గొర్రెల్ని కొనే దిక్కులేక తుపాకులతో కాల్చి గోతుల్లో పూడ్చారు. ఆ నిల్వలో చివరి బేలు అమ్ముడయ్యేసరికి 2001 వచ్చింది, అప్పటిదాకా ధర కాస్త లేచినప్పుడల్లా ఆ గోడౌన్ల మాట గుర్తొచ్చి కొనేవాళ్లు ధైర్యంగా ఉండేవాళ్లు.

ఇప్పుడు ఆ పని ఎవరికి వారే చిన్నగా చేస్తున్నారు. ప్రతి రైతూ తన లాటుకి ఇంతకు తగ్గితే అమ్మను అని చెప్పి ఉంచుతాడు, అంత రాకపోతే సరుకు వెనక్కి వెళ్తుంది. ఆ వారం ఎంత శాతం వెనక్కి వెళ్లిందన్నది నేను సూచీ కంటే ముందు చూసేవాణ్ణి. సూచీ కదలకుండా ఉండి, వెనక్కి వెళ్లే శాతం పెరుగుతోందంటే కొనేవాడికీ అమ్మేవాడికీ పడటం లేదని అర్థం, ఎవరో ఒకరు దిగాలి.

ఆస్ట్రేలియా డాలర్ సంగతి కూడా చూడండి, చాలామంది వదిలేస్తారు. ఎగుమతిదారు మనకి రేటు చెప్పేది అమెరికా డాలర్లలో. వాళ్ల డాలర్ బలహీనపడితే అక్కడ వేలంలో రేటు పెరిగినట్టు వార్త వస్తుంది, మనకి వచ్చే కోట్‌లో మాత్రం మార్పు ఉండదు. ఆ వార్త చూసి కంగారుపడి మా మిల్లుకి ఫోన్ చేసి నూలు బుక్ చేసుకున్న కస్టమర్లు ఉన్నారు, మా సేల్స్ వాళ్లు పాపం కాదనలేదు.

పాలియెస్టర్ గురించి ఒక్క మాట. ప్రపంచంలో వాడే పీచులో ఉన్ని ఒక శాతం దగ్గరే, కాబట్టి సన్న ఉన్నికి నేరుగా పోటీ లేదనిపిస్తుంది. కానీ మన దేశంలో సూటింగ్ చాలావరకు మిశ్రమం. ఉన్ని బాగా పెరిగితే 45 శాతం ఉన్న చోట 35 చేస్తారు, కొనేవాడికి తేడా తెలియదు. తర్వాత ఉన్ని తగ్గినా ఆ పది శాతం అంత తేలిగ్గా తిరిగి రాదు.

మన దగ్గర ఎందుకు పండించకూడదని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. 2019 పశుగణన ప్రకారం గొర్రెల్లో తెలంగాణది మొదటి స్థానం, ఆంధ్రప్రదేశ్‌ది రెండోది, రెండూ కలిపితే దేశంలో దాదాపు సగం. అయినా నెల్లూరు గొర్రెకి ఉన్నే ఉండదు, ఉత్త వెంట్రుకే. దక్కని గొర్రెకి ఉంటుంది, దాంతో వచ్చేది గొంగడి. వానకీ చలికీ గొంగడిని కొట్టేది లేదు కానీ, ఆ ఉన్నితో ఒంటికి తగిలే థర్మల్ చేస్తే ఎవరూ వేసుకోలేరు. అందుకే లుధియానా మిల్లులు ఆస్ట్రేలియా మీద ఆధారపడతాయి. 2022 డిసెంబర్ 29న ఆ దేశంతో వాణిజ్య ఒప్పందం అమల్లోకి వచ్చి ఉన్ని మీద 2.5 శాతం సుంకం పోయింది. మంచిదే, కానీ ఒక వారం వేలంలో రేటు ఊగేది ఒక్కోసారి దానికంటే ఎక్కువ.

ఇక మీ వ్యాపారానికి పనికొచ్చేది. 2025 ఆగస్టు తర్వాత మార్కెట్ గట్టిగా పైకి లేచింది, ఈసారి ఆస్ట్రేలియా ఉత్పత్తి దశాబ్దాల్లోకెల్లా తక్కువకి వచ్చిన సమయంలో కొనేవాళ్లు తిరిగొచ్చారు. కాబట్టి పాత కొటేషన్లు నమ్మకండి. ఏ మైక్రాన్ కావాలో ముందే తేల్చుకోండి. థర్మల్స్ ఒంటికి తగులుతాయి, 18.5 దాటకుండా చూసుకోండి. పైన కప్పుకునే శాలువాకి 19.5 సరిపోతుంది, చేతితో తడిమి చూసి కొనేవాళ్లకి ఆ తేడా పెద్దగా తెలియదని నా అనుభవం. లేబుల్ మీద 'సూపర్ 100' అంటే 18.75 మైక్రాన్లు మించకూడదు, 'సూపర్ 120' అంటే 17.75. మిల్లువాడు ఆ మాట వాడితే పరీక్ష రిపోర్టు అడగండి. ఇవ్వనంటే వేరే మిల్లు చూసుకోండి. సీజన్‌కి కావాల్సిన నూలు మొత్తం ఒకే రోజు బుక్ చేయకుండా, సగం ఆర్డర్లు చేతికి రాగానే, మిగతాది విడతలుగా తీసుకోండి. మ్యూల్సింగ్ (ఈగల పురుగు పట్టకుండా గొర్రె తోక చుట్టూ చర్మం కోసేయడం) చేయని గొర్రెల ఉన్ని అని సర్టిఫికెట్ కావాలంటే అదనం కట్టాలి, మీ కస్టమర్లు విదేశాల్లో ఉంటేనే అడగండి, కోఠిలోనో బీసెంట్ రోడ్డులోనో అమ్మేటప్పుడు ఆ డబ్బు మీకు తిరిగి రాదు.