ఒంగోలులో రికార్డులమ్మే మేనల్లుడికి

మూలాపేట, నెల్లూరు.

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. నీ దుకాణానికి ఒంగోలు వాళ్లే కాక కందుకూరు, మార్కాపురం నుంచి కూడా రికార్డులు సేకరించేవాళ్లు వస్తున్నారని, ఘంటసాల, ఇళయరాజా ఎల్పీలు కూడబెట్టుకున్న తర్వాత వాళ్ల దృష్టి ఇప్పుడు జాజ్, సోల్, ఫంక్ అనే అమెరికా నల్లజాతి సంగీతాల వైపు మళ్లుతున్నదని, వాళ్లకు ఏ ఆల్బములు చెప్పాలో రాయమని అడిగావు. నీవు పంపిన నలభై ఆల్బముల జాబితా కూడా చూశాను. అందులో తీసివేయవలసినది ఒక్కటీ లేదు. అయినా ఆ కాగితాన్ని కొనేవాడి చేతిలో మాత్రం పెట్టవద్దు. నలభై పేర్లు ఒక్కసారిగా చూసినవాడు పేరు పెద్దదనో, అట్ట అందంగా ఉందనో, ధర ఎక్కువ కనుక గొప్పదనో ఏదో ఒకటి తీసుకుపోతాడు. ఇంట్లో ఒకసారి వేసి, బీరువాలో నిలబెట్టి, మళ్లీ దాని జోలికి పోడు. ముందు అతనిని కూర్చోబెట్టి, ఇంట్లో పొద్దున ఏమి వింటాడో, రాత్రి పడుకోబోయే ముందు ఏమి వింటాడో అడుగు. ఆ జవాబును బట్టి ఒకే ఒక్క రికార్డు చెప్పు. ఏ వైపు ముందు వేయాలో, ఎక్కడ చెవి పెట్టి వినాలో కూడా చెప్పి పంపు.

ఇది నాకు ఒక తప్పు చేసిన తర్వాత గానీ తెలియలేదు. నేను గూడూరులో ఉద్యోగం చేసే రోజుల్లో నెలకొకసారి మద్రాసు వెళ్లి, 1985లో కాలిపోక ముందు ఉన్న పాత మూర్ మార్కెట్‌లో గ్రామఫోను ప్లేట్లు ఏరుకుని తెచ్చుకునేవాడిని. త్యాగరాజ కీర్తనలు తప్ప మరొకటి వినని లెక్చరరు మిత్రుడొకరు, జాజ్ అంటే ఏమిటో తెలుసుకోవాలని ఉందని అడిగితే, అప్పట్లో నన్ను పట్టి ఊపుతున్న ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ 1970 నాటి జంట ప్లేట్ల ఆల్బము ‘బిచెస్ బ్రూ’ తీసి ఇచ్చాను. మూడో రోజున అట్ట కూడా నలగకుండా తిరిగి తెచ్చి ఇచ్చారు. ఆ తర్వాత ఆయన నా దగ్గర జాజ్ మాట ఎత్తలేదు. నాకు నచ్చినది ఇచ్చాను గానీ, ఆయన చెవికి ఏది అందుతుందో ఆలోచించలేదు.

ఆయనకు ఇవ్వవలసినది అదే మైల్స్ డేవిస్ 1959లో చేసిన ‘కైండ్ ఆఫ్ బ్లూ’. అందులో మొదటి పాట ‘సో వాట్’లో కార్డులు, అంటే ఒకేసారి కలిసి పలికే స్వరాల గుంపులు, క్షణక్షణానికీ మారిపోయే పాత పద్ధతి లేదు. ఒక స్వరశ్రేణిని ఎన్నుకుని, దాని మీదనే నిలబడి అప్పటికప్పుడు అల్లుకుంటూ మనోధర్మం సాగిస్తారు. పాశ్చాత్యులు డోరియన్ అని పిలిచే ఆ శ్రేణిలోని స్వరాలు మన 22వ మేళకర్త ఖరహరప్రియ స్వరాలే. ముప్పై రెండు బార్ల, అంటే నాలుగేసి లెక్కల ముక్కల, ఆవృత్తంలో మొదటి పదహారు బార్లు ఆ శ్రేణిలో నడిచి, తర్వాతి ఎనిమిది బార్లకు అదే శ్రేణి అరస్వరం పైకి జరిగి, చివరి ఎనిమిదింటికి మళ్లీ మొదటి చోటికి దిగుతుంది. శ్రుతి స్థిరంగా ఉండే సంగీతానికి అలవాటు పడిన మన శ్రోత ఆ జరుగుడు దగ్గర ఒక్క క్షణం ఉలిక్కిపడతాడు. దాని సంగతి ముందే చెప్పి ఉంచితే అక్కడే అతనికి ఆసక్తి పుడుతుంది. గమకాలు వెతకవద్దని, రాగలక్షణం ఆశించవద్దని కూడా చెప్పు. స్వరాలు ఒకటే అయినంత మాత్రాన అది ఖరహరప్రియ రాగం కాదు. కద్రి గోపాల్‌నాథ్ శాక్సఫోను విన్నవాడైతే, ఇందులో జాన్ కోల్ట్రేన్, కానన్‌బాల్ ఆడర్లీ వాయించే రెండు శాక్సఫోనులను వేరువేరుగా పోల్చుకోమను. ఒక పాటకు అదే మంచి పని.

మృదంగం మీద మనసున్నవాడు వస్తే జాజ్ పియానో వాద్యకారుడు డేవ్ బ్రూబెక్ ‘టైం ఔట్’ చెప్పు. అదీ 1959 నాటిదే. అందులో అతని బృందంలోని శాక్సఫోను వాద్యకారుడు పాల్ డెస్మండ్ కట్టిన ‘టేక్ ఫైవ్’ ఐదు లెక్కల మీద నడుస్తుంది. మన ఖండచాపు రెండు, మూడుగా తెగితే, ఇది మూడు, రెండుగా తెగుతుంది. దుకాణంలోనే ముల్లు వేసి, అతని చేత చేతితో తాళం వేయించు. మొదట తప్పుతాడు, నాలుగో ఆవృత్తానికి కుదురుకుంటాడు. అలా కుదురుకున్నవాడు ఆ రికార్డు కొనకుండా పోవడం నేను చూడలేదు.

ఇక సోల్. ఈ విషయంలో మీ ఒంగోలుకు ఉన్న సదుపాయం మా నెల్లూరుకు కూడా లేదు. అమెరికన్ బాప్టిస్టు మిషన్ 19వ శతాబ్దంలోనే పాతుకుపోయిన ఊరు అది. చర్చిలో నలుగురితో కలిసి గొంతెత్తి పాడి పెరిగిన మనుషులు నీ చుట్టూ వేలమంది ఉన్నారు. సోల్ సంగీతం పుట్టింది అలాంటి గొంతులలోనే. సోల్ గాయని ఆరెథా ఫ్రాంక్లిన్ తండ్రి డెట్రాయిట్‌లో బాప్టిస్టు పాస్టరు. ఆమె 1972 జనవరిలో లాస్ ఏంజెలెస్‌లోని ఒక బాప్టిస్టు చర్చిలో, రెండు రాత్రులు, గాయక బృందంతోను భక్తులతోను కలిసి పాడిన ‘అమేజింగ్ గ్రేస్’ ఎక్కడ ఉన్నా సంపాదించి పెట్టుకో. యేసును మించిన స్నేహితుడు లేడని పాడే పాత స్తోత్రగీతం అందులో ఉంది. మన చర్చిలలో తెలుగు మాటలతో పాడుకునే బాణీయే అది. తెలిసిన బాణీని ఆమె ఎంత నెమ్మదిగా విప్పుతుందో, జనం ఎక్కడ కేక వేస్తారో వినమని చెప్పు. అదే ఆల్బములో ఆమె సోల్ గాయకుడు మార్విన్ గే పాట ‘హోలీ హోలీ’ కూడా పాడింది కనుక, ఆ శ్రోతకు రెండో రికార్డుగా ఆ పాట పుట్టిన 1971 నాటి ‘వాట్స్ గోయింగ్ ఆన్’ ఇవ్వడానికి దారి తానే ఏర్పడుతుంది. అప్పుడు జేమ్స్ జేమర్సన్ బాస్ గిటారు మీద చెవి పెట్టమను. ఒక రికార్డు నుంచి ఇంకొక దానికి ఇలా చేయి పట్టి తీసుకువెళ్లాలి.

మరో సోల్ గాయకుడు ఓటిస్ రెడింగ్ ‘ఓటిస్ బ్లూ’ను కూడా మరువకు. మెంఫిస్‌లో అది తయారైన స్టాక్స్ స్టూడియో ఒక పాత సినిమా హాలు. కుర్చీలు తీసివేసినా నేల వాలు అలాగే ఉంచేశారు. ఆ హాలు శబ్దం ఆ రికార్డులలో వినిపిస్తుంది.

ఫంక్ విషయంలో మాత్రం ఒక నియమం పాటించు. చిన్న స్పీకరు మీద ఎవరికీ వినిపించవద్దు. బాస్ అందని చోట ఫంక్ లేదు. ఫంక్‌కు బాట వేసిన గాయకుడు జేమ్స్ బ్రౌన్ తన బృందంలో ప్రతి వాద్యాన్నీ, గిటారును సైతం, డ్రమ్ములాగే వాయించమన్నాడు. బరువంతా మొదటి దెబ్బ మీద పడుతుంది. మన తప్పెట వినే చెవికి ఇది పాఠం చెప్పకుండానే ఎక్కుతుంది. అతని 1973 నాటి ‘ద పేబ్యాక్’తో మొదలుపెట్టవచ్చు. జాజ్ నుంచి ఇటు రావాలనుకునే వాడికి అదే సంవత్సరంలో వచ్చిన జాజ్ పియానో వాద్యకారుడు హెర్బీ హాన్‌కాక్ ‘హెడ్ హంటర్స్’ను మించిన వంతెన లేదు. అతడే 1962లో జాజ్ రికార్డులు వేసే బ్లూ నోట్ సంస్థకు వాయించిన ‘వాటర్‌మెలన్ మాన్’, ఇందులో ఖాళీ సీసా నోటికి ఆనించి ఊదే శబ్దంతో మొదలై, పూర్తిగా వేరే రూపంలో తిరిగి వస్తుంది. రెండూ పక్కపక్కన వేసి వినిపించు.

సేకరించేవాడికి సంగీతంతో పాటు ముద్రణ కూడా ముఖ్యం కనుక, అక్కడ నీ మాట మరింత నిక్కచ్చిగా ఉండాలి. ఒకసారి మద్రాసులో ఒక దుకాణంలో కోల్ట్రేన్ ‘బ్లూ ట్రైన్’ను 1958 నాటి మొదటి ముద్రణ అని చెప్పి నాకు అమ్మారు. ఇంటికి వచ్చి ట్యూబులైటు కింద లేబుల్ చదివితే, అంచున లిబర్టీ రికార్డ్స్ వారి విభాగం అని చిన్న అక్షరాలలో ఉంది. బ్లూ నోట్‌ను లిబర్టీ కొన్నది 1965లో. అంటే ఆ ప్లేటు అంతకు ముందుది అయ్యే అవకాశమే లేదు. లేబుల్ చుట్టూ గాడులు లేని నునుపు జాగాను వెలుతురుకు వాల్చి చూడడం కూడా నేర్చుకో. అక్కడ రికార్డింగ్ ఇంజనీరు రూడీ వాన్ గెల్డర్ గుర్తు, పాత బ్లూ నోట్ ముద్రణలలో చెవి ఆకారంలో ఉండే చిన్న గీత కనిపిస్తాయి. నా ప్లేటులో మొదటిది ఉంది, రెండవది లేదు. వినడానికి అది నేటికీ చక్కటి ప్లేటే. నేను ఇచ్చిన ధరకు మాత్రం కాదు. ఈ రెండు మాటలూ విడివిడిగా చెప్పగలిగితేనే నిన్ను నమ్ముతారు. అలాగే స్టీవీ వండర్ ‘సాంగ్స్ ఇన్ ద కీ ఆఫ్ లైఫ్’ అమ్మేటప్పుడు రెండు పెద్ద ప్లేట్లతో పాటు నాలుగు పాటల చిన్న ప్లేటు, పాటల పుస్తకం లోపల ఉన్నాయో లేదో చూడు. చాలా కాపీలలో ఆ చిన్న ప్లేటే పోయి ఉంటుంది. ‘కైండ్ ఆఫ్ బ్లూ’ పాత ముద్రణలలో మొదటి వైపు శ్రుతి, టేపు యంత్రం వేగంలో తేడా వల్ల, కాస్త పైకి పలుకుతుంది. 1990లలో దానిని సరిచేశారు. తంబురా పెట్టుకుని వినే మనిషికి ఈ సంగతి తప్పక చెప్పి, సరిచేసిన ముద్రణనే ఇవ్వు.

రోహిణి కార్తె ఎండలలో ఎవరికీ బస్సు డిక్కీలో ప్లేట్లు పెట్టి పంపవద్దు; వంగిపోతాయి. ముల్లు ఎగురుతున్నదని, దాన్ని పట్టుకునే చేయి అయిన టోన్‌ఆర్మ్ మీద రూపాయి బిళ్ల పెట్టే అలవాటు మన వైపు ఇంకా ఉంది. అలా ఆడించిన ప్లేటు గాడులు అరిగి బూడిదరంగుకు తిరుగుతాయి. పాత సరుకు కొనేటప్పుడు ఆ రంగు చూసి వదిలేయి.

నా ‘అమేజింగ్ గ్రేస్’ కాపీని వచ్చే ఆదివారం పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో వచ్చే మీ అత్తయ్య చేతికి ఇచ్చి పంపుతున్నాను. రెండో ప్లేటులో ఒక చోట అడ్డంగా గీత ఉంది. నాలుగైదు తిరుగుళ్లు టిక్కుటిక్కుమంటుంది గానీ ముల్లు ఎగరదు. కొనేవారికి ఆ చోటు ముందుగా వినిపించి, ఆ తర్వాతే ధర చెప్పు.

ఆశీస్సులతో,
మామయ్య